తోక దినం

రా, ఇట్ల దగ్గరికి జరుగు. ఆ చేట పక్కన పెట్టి, కాళ్లు ముడుచుకోని కూచో. గంజి కత చెప్తా. ఈ కాలపోళ్లకు గంజి అంటే జరమొచ్చినప్పుడు తాగేది. ఆ యేడు గంజే ఊరిని నిలబెట్టింది.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, కర్నూలు మదరాసు కిందనే ఉండె. డోనుకూ బనగానపల్లెకూ నడుమ నాపరాళ్లపల్లె అని ఒక ఊరు. బావిలో చేద దించితే బురద, చేన్లో నాగలి దించితే రాయి. ఎద్దులను తోలుకోని సంతకు పోయినోళ్లు ఉత్త తలుగుతాళ్లు భుజాన ఏసుకోని తిరిగొచ్చినారు. కర్నూలులో ఎవరో పెద్దమనుషులు కమిటీగా చేరి, జొన్న మూటలు పంపించి, ఊరూరా గంజి కేంద్రాలు పెట్టించినారు. నాపరాళ్లపల్లెలో చావిడి ముందర పందిరేసి, మూడు నాపరాళ్లు నిలబెట్టి, వాటి మీద ఇత్తడి గుండిగ ఎక్కించినారు. గుండిగ ఊరి పెద్ద ఓబుళరెడ్డి ఇంటిది. గరిటె మటుకు బోయిండ్ల గురమ్మ చేతిది.

గురమ్మ కొంగు నడుముకు బిగించి, తెడ్డు రెండు చేతులా పట్టుకోని, గుండిగ అడుగు గీరి మీదికి తెచ్చేది. చల్ల చిలికినట్ల కాదు, లోతు బావిలో చేద తోడినట్ల. పొయ్యి కింద కంపకట్టెలు ఎగదోసేది దౌలత్ బీ. పొగకు కళ్లు మూసుకోని, చెయ్యి చాపి, ఏ కట్టె యాడుండాదో తడిమి చెప్పేది. ఇద్దరూ పొద్దు పొడిచే ముందర వచ్చి, పొద్దు నడినెత్తికి వచ్చేవరకు ఆడనే ఉండేవాళ్లు.

జొన్న నూకతో ఒక చిక్కుండాది. తెడ్డు ఆడినంత సేపు గంజి అంతా ఒకటే. తెడ్డు తీసి గరిటె పట్టుకున్నావా, ఆ గడియకే నూక అడుక్కు దిగిపోతాది, మీద నీళ్లు తేలతాయి. తెడ్డు తిరుగుతాంటే గుండిగ మూతిలో గరిటె దూరేదానికి తావుండదు కదా. అందుకని మొదట పోయించుకున్నోళ్లకు నీళ్లు, కడాకు వచ్చినోళ్లకు గట్టి గంజి. చావిడి కాన్నుంచి వంక గట్టు దాకా జనం వరసగా కింద కూచుంటారు. చావిడి దిక్కు ఊరోళ్లు, వంక దిక్కు అవతలి గేరోళ్లు. ఆ గేరోళ్లను ఊరు తాకేది లేదు. కరువొచ్చినా ఆ పట్టింపు ఎండిపోలేదు.

మొదటి దినాలలో చావిడి దిక్కోళ్లు, "మేము ముందర కూచున్నోళ్లం, మాకే నీళ్లా?" అని గోల పెట్టినారు. గురమ్మ తెడ్డు గుండిగ అంచుకు కొట్టి, "అయితే ఒక దినం తల కాన్నుంచి పోస్తా, ఒక దినం తోక కాన్నుంచి పోస్తా. గట్టిది ఒక దినం మీది, ఒక దినం వాళ్లది. సరేనా?" అన్నాది. తోక దినం వస్తే వంక దిక్కోళ్లు ముందర లేచి గుండిగ కాడికి వస్తారు, ఊరోళ్లు ఎనక. గురమ్మ గరిటె ఎత్తిపట్టి పోస్తాది, గరిటె గిన్నెకు తగలదు. వాళ్ల ఎనక తాగాలనా అని కొందరు ముక్కు చిట్లించినారు. గట్టి గంజి తమ వంతుకు వచ్చినంక ఆ ముక్కులు సక్కగైనాయి. గురమ్మ పొద్దున్నే పందిరి కింద నిలబడి, "తల దినం!" అనో "తోక దినం!" అనో ఒక కేక ఏసేది. ఆ కేకతోనే ఊరు లేచేది.

అట్ల జరుగుతుండగా ఒక తల దినాన, పోసేది అయిపోయి గురమ్మ గుండిగ తోముతాంటే, ఓబుళరెడ్డి చేతికర్ర ఊపుకుంటా వచ్చినాడు. ఎనకాల డోన్ నుంచి వచ్చిన ఫోటోల యూసుఫ్, భుజం మీద మూడుకాళ్ల స్టాండు, చంకలో నల్లగుడ్డ చుట్టిన పెట్టె.

"గురమ్మా, రేపు కర్నూలు నుంచి కమిటీ పెద్దమనిషి వస్తాడు. ఫోటో తీపిస్తాం. జొన్నలు పంపినోళ్లు కళ్లతో చూసుకోవాల కదా. గరిటె మా కోడలు నాగలక్ష్మమ్మ పట్టుకుంటాది. నువ్వు పొయ్యి కాడ ఉండు."

"పొయ్యి కాడనే ఉంటా రెడ్డీ. గరిటె కూడా ఆడనే ఉంటాది కదా."

"ఫోటో మటుకేలేమ్మే. ఇంకొకటి. వంక అవతలోళ్లను చావిడి గోడ ఎనక కూచోబెట్టు. ఆ గోచిగుడ్డలు, ఆ బొక్కలు తేలిన ఒళ్లు ఫోటోలో పడితే ఊరికి మర్యాదనా? ముందర మనోళ్లకు పోస్తారు, ఫోటో అయితాది. పెద్దమనిషి కారెక్కినంక మిగిలిందాంట్లో రోన్ని నీళ్లు కలిపి వాళ్లకు పోద్దువు."

గురమ్మ పీచు పక్కన పెట్టింది. "రేపు తోక దినం రెడ్డీ."

"ఏం దినం?"

గుండిగ ఆయనదే గాని, దాంట్లోది ఆయన ఒక్కనాడూ తాగినోడు కాదు. తలా తోకా ఆయనకేం తెలుస్తాది?

"తోకా లేదు, తలా లేదు. చెప్పింది చెయ్. కాదంటే ఇప్పుడే చెప్పు, గరిటె పట్టేదానికి చేతులకేం కరువు రాలేదు ఊళ్లో." అని రెడ్డి కర్ర ఊపుకుంటా ఎళ్లిపోయినాడు.

యూసుఫ్ స్టాండు నిలబెట్టి, ముందరికీ ఎనక్కూ నడిచి, కన్ను చికిలించి చూసుకున్నాడు. దౌలత్ బీ కాడికొచ్చి, "ఖాలా, పొయ్యిలో బూడిద ఇంత ఇస్తావా?" అన్నాడు. పిడికిట్లో బూడిద తీసుకోని, పెట్టె కాన్నుంచి చావిడి దాకా రెండు గీతలు గీసినాడు. పెట్టె కాడ దగ్గర దగ్గరగా, పోంగ పోంగ ఎడంగా.

"ఇదేందప్పా, ముగ్గా?" గురమ్మ అడిగింది.

"ముగ్గు కాదక్కా, అంచు. ఈ రెండు గీతల నడుమ ఉండేదే పెట్టెలో పడతాది. అవతల ఉండేది ఫోటోకు లేనట్లే."

గురమ్మ తన పొయ్యి దిక్కు చూసింది. గీత పొయ్యికి జానెడు ఇవతలనే పోయింది. గుండిగ దించి పెట్టే పీట మటుకు లోపల.

"నా పొయ్యి లేనట్లేనా? గీత రోంత జరపరాదా?"

"జరిపితే పెద్దోళ్ల కుర్చీలు నడుమ నుంచి తప్పిపోతాయక్కా. నడుమ పెద్దమనిషి, కుడిపక్క రెడ్డి, ఎడమ పక్క కోడలు, పీట మీద గుండిగ. ఎనక నిలబడేటోళ్లు, ముందర గిన్నెలు పట్టుకోని నలుగురైదుగురు. అంతే. మందెక్కువైతే మొగాలు చిన్నవైపోతాయి. పెద్దోళ్లు ఒప్పుకోరు."

దౌలత్ బీ అప్పటికే నల్లగుడ్డలోకి తల దూర్చింది. లోపలి నుంచి కిచకిచ నవ్వు. "యా అల్లా! చావిడి తలకిందులు యాలాడతాండాది! గురమ్మక్కా, రా, రెడ్డి కూచునే తావు చూడు, గబ్బిలం మాదిరుండాది!"

గురమ్మ కూడా గుడ్డ కప్పుకోని చూసింది. అద్దం మీద నేల పైనుండాది, ఆకాశం కిందుండాది. జనం గిన్నెలు పట్టుకోని కూచునే దుమ్ము అన్నిటికన్నా మీద.

"పెట్టెకు పెద్దా చిన్నా తెలీదక్కా, తలకిందులు చూస్తాది. కడిగినంక మేము సక్కగా తిప్పి ఇస్తాం," అన్నాడు యూసుఫ్.

"తిప్పమని ఎవరు చెప్పినారప్పా నీకు?" అన్నాది గురమ్మ. యూసుఫ్ నవ్వినాడు గాని గురమ్మ నవ్వలేదు.

సాయంత్రం ఆమె వంక దాటి అవతలి గేరికి పోయింది. అయ్యన్న గుడిసె ముందర కూచోని కిత్తనార పేనుతాండాడు. ఎండిన మనిషి, తొడ మీద నార పెట్టి అరచేత్తో ఒక్క రుద్దు రుద్దితే పురి బిగుసుకుంటాండాది. గురమ్మ దాచకుండా అంతా చెప్పింది. గోడ ఎనక, కారెక్కినంక, నీళ్లు కలిపి.

అయ్యన్న చెయ్యి ఆపలేదు. "గోడ ఎనక కూచోమంటే కూచుంటాంలేమ్మా. ఆ గోడ ఎంతుంటాది, నా నడుమంత. నువ్వు కేక ఏస్తే ఆడికి వినపడదా?"

"వినపడతాది."

"ఈ దినం గట్టిది తాగినాం. రేపు పల్చనిది మాది. మా పల్చనిది మాకు పోయ్. అది మా వంతు, వంతుగా తాగుతాం. మిగిలిందాంట్లో నీళ్లు కలిపి ఎవరో పోసేది మాకొద్దు."

"కేక ఏస్తే గరిటె పోతాది అయ్యన్నా."

అయ్యన్న పురి కొస ముడేసి, పండ్లతో కొరికి తెంపినాడు. "నీ గరిటె సంగతి నువ్వు చూసుకోవాలమ్మా. ఏయమని నేను చెప్పను. ఏయొద్దనీ చెప్పను."

వంక దాటి వచ్చేటప్పుడు గురమ్మ తన ఇంట్లో గిన్నెలను తలుచుకునింది. ఆమెకూ ఆ గంజి తప్ప ఇంకేం లేదు. గరిటె పట్టినోళ్లకు పోసేది అయిపోయినంక గుండిగ గీరుకునే వీలుంటాది. ఆ గీరిందే ఆమె ఇల్లు.

తెల్లారింది. చావిడి ముందర నీళ్లు చల్లి, మామిడాకుల తోరణం కట్టినారు. ఆ ఎండిన ఊళ్లో ఆ ఆకులు యాడ దొరికినాయో రెడ్డికే తెలియాల. కుర్చీలు వచ్చినాయి. కర్నూలు పెద్దమనిషి వచ్చినాడు. తెల్లబట్టలు, మెత్తటి మాట, నెమ్మదైన మనిషి. నాగలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకోని, తల దించుకోని వచ్చింది. చిన్నపిల్ల, కాపురానికొచ్చి ఇంకా ఊరి దారులు కూడా తెలీవు.

గురమ్మ, దౌలత్ బీ గుండిగ దించి పీట మీద పెట్టినారు. పెట్టి బూడిద గీత ఇవతలికి వచ్చి నిలబడినారు. గరిటె ఇచ్చేటప్పుడు నాగలక్ష్మమ్మ మెల్లగా, "ఎట్ల పట్టుకోవాల గురమ్మా?" అనడిగింది.

"కాడ మొదట్లో పట్టుకోకమ్మా, కాలతాది. నడుమ పట్టుకో." అని ఆ పిల్ల వేళ్లు సర్ది, తన కొంగు కొస చించి కాడకు చుట్టింది. కోపం రెడ్డి మీద గాని, ఆ వేళ్ల మీద కాదు కదా.

ఆ పొద్దు కేక లేదు. చావిడి దిక్కోళ్లు వచ్చి కూచున్నారు, గురమ్మ మొగం దిక్కే చూస్తాండారు. వంక దిక్కోళ్లు గోడ ఎనక. తలకాయలు మటుకు కనపడతాండాయి, వరసగా, గోడ మీద పేర్చిన కుండల మాదిరి.

యూసుఫ్ నల్లగుడ్డలోకి దూరి, బయటికొచ్చి, "పందిరి కింద ఎలుతురు తక్కువ. మూత తీసినంక నేను ఒకటి, రెండు, మూడు అనేదాకా ఎవరూ కదలగూడదు. కదిలితే చెదిరిపోతారు!" అని చెప్పినాడు.

"ఊఁ, ముందర నలుగురు లేయండి! గిన్నెలు పట్టుకోని రాండి!" రెడ్డి కుర్చీలో నుంచి కర్రతో చూపించినాడు.

ఎవరూ లేయలేదు.

"వినపడలేదా? సుబ్బరత్నమ్మా, నువ్వు లే!"

వరసలో మొదట కూచునే ముసలామె సుబ్బరత్నమ్మ. రెడ్డికి దూరపు చుట్టమే. బతికి చెడిన ఇల్లు. ఆమె సత్తుగిన్నె ఒళ్లో పెట్టుకోని, దాని మీద చెయ్యి మూసి, "ఈ దినం మాది కాదు ఓబుళయ్యా," అన్నాది.

"ఏంది మీది కాంది?"

"నిన్న నీళ్లు తాగినోళ్లం మేము. ఈ దినం గట్టిది మాది. ఇప్పుడు లేస్తే మళ్లా నీళ్లే."

"పెద్దమనిషి ముందర నిన్ను మొదట నిలబెడతాంటే, వద్దంటావా?"

"మొదట పోసేది నీళ్లే నాయనా! నువ్వొక్కనాడన్నా తాగింటే తెలిసేది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గోడ ఎనక దాకా పాకింది. కర్నూలు పెద్దమనిషి ఏం జరుగుతాందో తెలీక రెడ్డి మొగం చూసినాడు. రెడ్డి మొగం కాలిన ఇటుక మాదిరి అయింది. నాగలక్ష్మమ్మ మీద తేలిన నీళ్లు గరిటెతో ముంచి ఎత్తిపట్టుకోని అట్లనే నిలబడి ఉండాది.

గురమ్మ చూస్తానే ఉండాది. తెడ్డు ఆడక గుండిగలో నూక అడుక్కు దిగిపోతాండాది, పొయ్యి దించినా ఇత్తడి ఇంకా కాలుతానే ఉండాది, ఇంకా సేపుంటే అడుగంటుతాది. గోడ మీద ఆ తలకాయలు. కాళ్ల ముందర బూడిద గీత. ఆమె కొంగు ఇంకో చుట్టు బిగించుకునింది. ఊపిరి నిండా పీల్చింది.

"తోక దినం! వంక దిక్కోళ్లు రాండీ!"

ఆ కేక అంత గట్టిగా ఎన్నడూ ఏయలేదు. గోడ ఎనక అందరూ ఒక్కసారి లేచినారు. గోడ చుట్టుకోని, అయ్యన్న ముందర, ఎనక ఆడోళ్లు, చంకల్లో బిడ్డలు, చేతుల్లో ముంతలు, చిప్పలు, పగిలిన కుండ పెంకులు. తోసుకోలేదు, ఉరకలేదు. వంతుకొచ్చినోళ్లు ఎట్ల వస్తారో అట్ల వచ్చినారు. బూడిద గీత మీద మొదటి పాదం పడింది, రెండోది పడింది. అందరూ వచ్చి నిలబడేసరికి గీత యాడుండెనో ఎవరూ చెప్పలేరు. చావిడి దిక్కోళ్లు కూచున్న తావునే రోంత రోంత జరిగి దారిచ్చినారు, గట్టి గంజి తమకు మిగలాల కదా.

"రేయ్! ఎవరు రమ్మన్నారురా!" రెడ్డి కుర్చీలో నుంచి లేచినాడు.

అప్పుడే నల్లగుడ్డ లోపల నుంచి యూసుఫ్ అరిచినాడు. "మూత తీసినా! ఎవరూ కదలొద్దు! ఒకటీ..."

రెడ్డి సగం లేచినోడు సగంలోనే నిలిచిపోయినాడు. లేయాలనా, కూచోవాలనా తెలీక ఊగుతాండాడు. గురమ్మ మటుకు ఆగలేదు. అడుగంటితే నూరుమంది కడుపు. ఒక్క అంగలో లోపలికొచ్చి తెడ్డు గుండిగలో దించి, బలంగా, అడుగు గీరి మీదికి తిప్పింది. అయ్యన్న ముంత చాపి, పెట్టె దిక్కు సూటిగా చూసుకుంటా, రాయి మాదిరి నిలబడినాడు. ఆయన ఎనకోళ్లూ అంతే. చంకలో బిడ్డలు కూడా ఆ నల్లగుడ్డను చూసి నోళ్లు తెరిచి ఊరకైనారు.

"...రెండూ... మూడు!"

మూత పడింది. నాగలక్ష్మమ్మ అయ్యన్న ముంతలోకి గరిటె వంచింది, పైనుంచి, తగలకుండా. పల్చటి గంజి. అయ్యన్న తాగి, మూతి తుడుచుకోని, "సరిగ్గా మా వంతుదే," అన్నాడు.

నాగలక్ష్మమ్మ గరిటె తిప్పి పట్టుకోని, కాడ గురమ్మ దిక్కు చాపింది. "తీసుకో గురమ్మా. నా చేతికి ఇది రాదు."

మరుసటి దినం తల దినం. పొద్దు పొడవకముందే రెడ్డి జీతగాడు గోపన్న వచ్చి పొయ్యి కాడ నిలబడినాడు. "అక్కా, నువ్వు రావద్దన్నాడు రెడ్డి. గరిటె నన్ను పట్టమన్నాడు. నేనేం చేసేది చెప్పు," అని నేల చూసినాడు.

"నువ్వేం చేస్తావులేప్పా," అన్నాది గురమ్మ. గరిటె పీట మీద పెట్టి, ఇంటికి పోయి తన గిన్నె తెచ్చుకోని, వరసలో తోక కొసన, అయ్యన్న గేరోళ్ల పక్కన కూచునింది. మధ్యలో మూరెడు ఎడం ఉండె ఎప్పుడూ. ఆ దినం ఆ మూరెడు కూడా సరిగ్గా కొలిచి కూచోలేదు ఆమె.

గోపన్న గంజి కాచినాడు. గుండిగ దించి, గరిటె పట్టుకోని, "రాండి," అన్నాడు. ఎవరూ రాలేదు. సుబ్బరత్నమ్మ తన సత్తుగిన్నె తీసి నేల మీద బోర్లించింది. ఆమె పక్కామె బోర్లించింది. ఠక్కు, ఠక్కు అని ఆ చప్పుడు చావిడి కాన్నుంచి మొదలై వంక గట్టు దాకా పోయింది. కడాకు గురమ్మ చేతిలో గిన్నె ఒక్కటి మిగిలింది. ఆమె దాన్ని బోర్లించలేదు, ఒళ్లో పెట్టుకోని కూచునింది.

"కేక లేకుండా ఎట్ల లేస్తామప్పా గోపన్నా? ఈ దినం తలనో తోకనో నువ్వు చెప్పు," అన్నాది సుబ్బరత్నమ్మ. నవ్వకుండానే అన్నాది.

గంజి చల్లారి మీద తెట్టు కట్టింది. ఆకలితో బిడ్డలు ఏడుస్తాండారు. అయినా ఒక్క గిన్నె పైకి తిరగలేదు. రెడ్డి చావిడి అరుగు మీద కూచోని కర్ర కొసతో నేల గీకుతాండాడు. ఎంతసేపు గీకినాడో, ఆఖరుకు ఎవరి మొగమూ చూడకుండా లేచి ఇంటికి పోయినాడు. గోపన్న గరిటె తీసుకోని, ఆ వరస పొడుగునా నడిచి, గురమ్మ ముందర వంగినాడు.

"పట్టుకో అక్కా. ఆయప్ప ఏమీ అనలేదు. అననట్లు పోయినాడు, అదే చాలు."

గురమ్మ లేచి, పొయ్యి కాడికి నడిచి, తెడ్డు తీసుకోని తెట్టు పగలగొట్టి, "తల దినం!" అన్నాది. గిన్నెలు ఒక్కసారి తిరిగినాయి.

తరువాత కొన్ని దినాలకు యూసుఫ్ ఫోటో తెచ్చినాడు. రెడ్డి ఒకసారి చూసి, "ఇది గోడకు పనికిరాదు," అని అరుగు మీద ఇసిరికొట్టినాడు. యూసుఫ్ దాన్ని తీసి, దౌలత్ బీకి ఇచ్చినాడు. జొన్న మూటలు మటుకు వాన పడేదాకా వస్తానే ఉన్నాయి. కర్నూలు పెద్దమనిషి ఆ ఫోటో ఒకటి అడిగి తీసుకున్నాడంట.

ఇద్దరూ పొయ్యి కాడ కూచోని చూసినారు. కుర్చీ మీద రెడ్డి తావున ఒక తెల్లటి పొగ, దాంట్లో నుంచి కర్ర ఒకటి మొలిచినట్లుండాది. కదిలినాడు కదా, చెదిరిపోయినాడు. అయ్యన్న మటుకు ఉలితో చెక్కినట్లు. ముంత మీద సొట్ట కనపడతాండాది, ఒక్కొక్క పక్కటెముకా కనపడతాండాది, కళ్లు పెట్టెలో నుంచి ఇవతలికి చూస్తాండాయి. ఎనకోళ్లు అందరూ అంతే. రెడ్డి దాయమన్న మొగాలే మొగాలుగా పడినాయి.

దౌలత్ బీ వేలితో వెతికింది. గుండిగ మీద ఒక మబ్బు, మబ్బులో నుంచి తెడ్డు కాడ. "అక్కా, ఇది నువ్వే. నీ మొగమే లేదు కదా!" ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. "అంత చేసి, మొగమే పడకపాయె!"

గురమ్మ ఫోటో ఎలుతురుకు పట్టి, చాలాసేపు చూసింది. "గంజి చూడు," అన్నాది. "కదులుతాండాది. అడుగంటలేదు." ఫోటో దౌలత్ బీ ఒళ్లో పెట్టి, తెడ్డు తీసుకునింది.

అదీ కత. ఆ ఫోటో ఇప్పటికీ దౌలత్ బీ మనవళ్ల ఇంట్లో, పెట్టె అడుగున ఉండాదంటారు. ఎవరన్నా తీసి చూస్తే, చెక్కినట్లుండే ఆ మనుషులు కనపడతారు, మబ్బు కనపడతాది. మబ్బు ఎవరో ఫోటో చెప్పలేదు కదా. నువ్వు చెప్పాల. నీ బిడ్డలు అన్నానికి పేచీ పెట్టినప్పుడు ఇట్లనే దగ్గర కూచోబెట్టుకోని, ఆ మబ్బు పేరు గురమ్మ అని చెప్పు. కేక మటుకు మెల్లగా అనొద్దు. ఊరంతా వినపడేటట్లు అను.